200 మి.లీ. శాంపిల్ డబ్బా: గోడకి రంగు ఎంచుకునేవాళ్ళ కోసం

ఇంటి లోపలి గోడలకి రంగు వేయించాలనుకునేవాళ్ళు పెద్ద డబ్బా కొనేముందు, అదే షేడుని చిన్న శాంపిల్ డబ్బాలో కలిపించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మేం బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉంటాం. ఏడాదిన్నర తేడాలో మా హాలుకి రెండుసార్లు రంగు వేయించాల్సి వచ్చింది. మొదటిసారి షేడ్ కార్డు చూసి ఎంచుకున్నాం, రెండోసారి శాంపిల్ డబ్బాలు తెచ్చుకుని నాలుగు రోజులు చూసి ఎంచుకున్నాం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో అనుభవించినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మొదటిసారి ఏమైందంటే, నాకు లేత బూడిద రంగు కావాలని ఉండేది. అమ్మ దాన్ని గచ్చకాయ రంగు అంటుంది, చీరల కొట్లో అడిగినట్టే. మాట్లాడుకున్న కాంట్రాక్టరు రాత్రి ఎనిమిదింటికి షేడ్ కార్డు పట్టుకుని వచ్చాడు. రేపు పొద్దున్నే మనుషులొస్తారు, ఇప్పుడు చెప్తే రంగు తెప్పించేస్తానన్నాడు. హాల్లో ట్యూబులైటు కింద, బొటనవేలంత ముక్క చూసి, పది నిమిషాల్లో చెప్పేశాం. రెండో కోటు ఆరాక చూస్తే గోడ నీలంగా ఉంది. బూడిద రంగు ఛాయే లేదు. చిన్నప్పుడు సంక్రాంతికి ఊళ్ళో వెల్ల వేసేటప్పుడు సున్నంలో నీలిమందు ఎక్కువైతే ఎలా ఉండేదో సరిగ్గా అలా. కాంట్రాక్టరుని పిలిస్తే "లైటు అలా ఉంది మేడమ్, నాలుగు రోజులకి అలవాటైపోతుంది" అన్నాడు. అలవాటు కాలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వస్తే ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టుండేది, వానాకాలంలో మరీ. డబ్బులు పోసి వేయించుకున్నది కదా, వెంటనే మార్చడానికి మనసొప్పక అలాగే ఏడాదిన్నర గడిపాం.

దాంట్లో కాంట్రాక్టరు చెప్పింది సగం నిజమే, లైటు వల్లే. కానీ ఆ లైటు మా హాల్లో ముందునుంచీ అలాగే ఉంది, రంగు ఎంచుకునేటప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, మాతో సహా. మా హాలుకి ఉన్న ఒకే వెలుతురు ఉత్తరం బాల్కనీ నుంచి వచ్చేది. ఉత్తరం వైపు ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు, ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది, ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ. దానికి తోడు బెంగళూరులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగం రోజులు మబ్బుగానే ఉంటుంది. పైగా రాత్రిళ్ళకి మేం పెట్టుకున్న ట్యూబులు 6500 కెల్విన్‌వి, అంటే డబ్బా మీద కూల్ డే లైట్ అని ఉంటుందే, ఆ తెల్లటి వెలుగు. అందులోనూ నీలమే ఎక్కువ. మేం ఎంచుకున్న బూడిదలో లోపల దాక్కున్న నీలం ఛాయ ఒకటుంది, అది కార్డు మీద కనబడలేదు. మూడూ కలిసేసరికి గోడ నీలంగా తేలింది. అదే రంగు ఒంగోలులో మా అమ్మావాళ్ళ ఇంట్లో, ఎండ ధారాళంగా పడే పడమటి గదిలో వేసి ఉంటే బహుశా చక్కటి బూడిదలాగే ఉండేదేమో.

ఈ లోపలి ఛాయని కనిపెట్టే చిట్కా ఒకటి ఉంది, తర్వాత తెలుసుకున్నాను. షేడ్ కార్డులో ఒక పట్టీ మీద ఆరో ఏడో రంగులు లేత నుంచి ముదురుకి వరసగా ఉంటాయి కదా, మనకి నచ్చిన లేత రంగుని వదిలేసి అదే పట్టీలో అన్నిటికన్నా కిందున్న ముదురు రంగుని చూడాలి. అక్కడ నీలం కనిపిస్తే పైన లేతలో కూడా నీలం ఉన్నట్టే, అక్కడ ఆకుపచ్చ కనిపిస్తే పైనా అదే. ఇంకొకటి, ఆ ముక్కని తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే ఛాయ బయటపడుతుంది. ఒంటరిగా చూస్తే మాత్రం ఏ తెలుపైనా ఉత్త తెలుపులాగే ఉంటుంది, నిజానికి తెలుపుల్లోనే పసుపు తెలుపు, గులాబీ తెలుపు, బూడిద తెలుపు అని ఎన్నో రకాలు.

ఇక రెండోసారికి వస్తాను. కె.ఆర్.పురం సంత దాటాక లోపలి రోడ్డులో చిన్న పెయింట్ల కొట్టు ఒకటుంది, మూడు నాలుగు కంపెనీల రంగులు అమ్ముతారు, లోపల రంగులు కలిపే మెషీను ఉంది. కౌంటర్లో ఉన్న అబ్బాయిది మదనపల్లె వైపు. నేను కన్నడంలో మొదలుపెడితే రెండు మాటలు విని "తెలుగేనా అక్కా" అన్నాడు. నేను షేడ్ కార్డు అడిగాను, తను కార్డు ఇవ్వకముందే నాలుగు ప్రశ్నలు అడిగాడు. హాలు ఏ దిక్కుకి ఉంది, రాత్రి ఏ లైటు వేస్తారు, కింద టైల్స్ ఏ రంగు, కిటికీ బయట ఏముంది అని. ఆ నాలుగు ప్రశ్నలు మొదటిసారి ఎవరైనా అడిగి ఉంటే మాకు ఒక పెయింటింగ్ ఖర్చు మిగిలేది. చివరికి నేను ఒక రంగు చూపించి నాలుగు లీటర్లు ఇమ్మంటే, "ఇప్పుడే వద్దక్కా, ముందు శాంపిల్ తీసుకుపోండి, నచ్చితేనే పెద్ద డబ్బా, నచ్చకపోతే ఇంకోటి చూద్దాం" అన్నాడు. చేతికొచ్చిన అమ్మకాన్ని ఆపుకుని ఇలా చెప్పే కొట్టు దొరకడం అదృష్టమే అనుకుంటాను. మూడు షేడ్లు తీసుకున్నాను, మూడు డబ్బాలకీ కలిపి ఆరు వందల లోపే అయింది.

కలిపే పద్ధతి దగ్గరుండి చూశాను. డబ్బాలో ముందే ఉండేది బేస్, అంటే దాదాపు తెల్లగా ఉండే రంగు. కంప్యూటర్లో షేడ్ నంబరు కొట్టగానే మెషీను కింద ముక్కులోంచి సన్నటి దారాల్లా రంగుద్రవాలు కొలత ప్రకారం పడతాయి. మా గంధం ఛాయ బూడిదకి పడింది ఎంతనుకున్నారు, పసుపు ఒక చుక్క, నలుపు ఇంకాస్త, ఇటుక ఎరుపు కనీకనబడనంత. తెల్లటి బేస్ మీద ఆ మూడూ వేరువేరుగా, ముగ్గులో చుక్కల్లా కూర్చున్నాయి. తర్వాత మూత బిగించి ఇంకో మెషీనులో పెట్టి రెండు నిమిషాలు గిరగిరా తిప్పితే ఒకటే రంగై బయటికొచ్చింది. మూత మీద అంటించిన స్టిక్కర్లో షేడ్ నంబరు, ఏ బేస్, ఏ రంగుద్రవం ఎంత పడిందో అంతా ఉంటుంది. ఆ స్టిక్కర్ని ఫోటో తీసి పెట్టుకోండి, రేపు గోడమీద గీతలు పడితే మళ్ళీ అదే రంగు కలిపించుకోవడానికి అదే ఆధారం. మేస్త్రీ ట్యూబులోంచి స్టెయినర్, అంటే చిక్కటి రంగు, పిండి చేత్తో కలిపిన రంగుకి ఆ వీలు ఉండదు.

శాంపిల్ తెచ్చుకున్నాక చాలామంది చేసేది, పాత గోడ మీదే చిన్న చదరంలా పూసి చూడటం. దయచేసి అలా చేయకండి. చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. మా నీలం గోడ మధ్యలో ఏ రంగు పూసినా పసుపుగానే కనిపించింది. మేం ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని రెండడుగుల చదరాలుగా కోశాం. అట్ట గోధుమరంగులో ఉంటుంది కాబట్టి ముందు తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) ఒక కోటు, అది ఆరాక శాంపిల్ రెండు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలు. చుట్టూ రెండంగుళాలు తెలుపు వదిలేశాం. మొదట డ్రాయింగ్ చార్టు మీద వేసి చూశాను గానీ తడికి ముడతలు పడిపోయింది, అట్టే మేలు. రంగు పూర్తిగా ఆరేదాకా ఆగాలి, ఈ ఎమల్షన్లు, అంటే నీళ్ళు కలిపి వేసే గోడ రంగులు, తడిగా ఉన్నప్పుడు పాలు కలిపినట్టు లేతగా ఉండి ఆరాక కాస్త ముదురుతాయి. అమ్మ అప్పుడే ఊరినుంచి వచ్చి ఉంది, అది చూసి "సున్నం ఆరితే తెల్లబడేది, ఇదేంటమ్మాయ్ ఆరేకొద్దీ ముదురుతోంది" అంది. తడి రంగు చూసి మేస్త్రీతో గొడవ పడేవాళ్ళు, ఆ మాటకొస్తే తడి రంగు చూసి సంబరపడేవాళ్ళు కూడా, ఒక పూట ఆగడం మంచిది.

ఆ మూడు అట్టల్నీ నాలుగు రోజులపాటు ఇల్లంతా తిప్పాం. హాల్లో బాల్కనీకి ఎదురు గోడ మీద, బాల్కనీ పక్క గోడ మీద, టైల్స్‌కి ఆనించి, తలుపు చట్రం పక్కన. పొద్దున్న ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఐదున్నరకి, రాత్రి లైటు వేశాక. ఒకే హాల్లో కూడా బాల్కనీకి ఎదురుగా ఉన్న గోడ మీద వెలుతురు నేరుగా పడి రంగు లేతగా ఉంటుంది, బాల్కనీ ఉన్న గోడ మీద వెలుతురు పడదు కాబట్టి అదే రంగు ఒక మెట్టు ముదురుగా ఉంటుంది. దీన్ని కార్డు చూపించలేదు, ఫోనూ చూపించలేదు.

మొదటి రంగు మీగడ రంగు. పగలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. రాత్రి డైనింగ్ టేబుల్ పైన ఉన్న 3000 కెల్విన్ బల్బు, అంటే పసుపు వెలుగుది, దాని కింద పెడితే పసుపు కలిపిన పాలలా అయింది, నాకు నచ్చలేదు. రెండోది ఉల్లిపొర రంగు. మా టైల్స్ లేత గోధుమరంగులో ఉంటాయి, వాటి పక్కన పెడితే బాగా గులాబీ తిరిగింది, హాలుకి సరిపోలేదు. మూడోది గంధం ఛాయ ఉన్న బూడిద. ఇది పగలు, రాత్రి, మబ్బులో, ఎండలో అన్ని వేళలా దాదాపు ఒకేలా ఉంది, కాస్త వెచ్చగా, నెమ్మదిగా. ఉత్తరం వెలుతురులోని నీలాన్ని అందులోని గంధం సర్దేసింది. మావారు దేనికీ అభిప్రాయం చెప్పని మనిషి, ఆయన కూడా మూడో రోజు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి ఆ అట్ట దగ్గర ఆగి "ఇదే కదా" అన్నారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది బెడ్రూములో. ఇంట్లో అంతటా ఒకే రంగు వేయిద్దామని ఆ గంధం బూడిద అట్టని బెడ్రూములో పెట్టి చూస్తే పాచి పట్టినట్టు ఆకుపచ్చగా కనిపించింది. అట్ట పాడైందేమో అనుకున్నాను. హాల్లోకి తెస్తే మామూలుగా ఉంది, మళ్ళీ లోపలికి తీసుకెళ్తే ఆకుపచ్చ. అప్పుడు కిటికీ వైపు చూశాను. మా బెడ్రూము కిటికీ బయట పెద్ద నిద్రగన్నేరు చెట్టుంది, దాని గుబురు సరిగ్గా మూడో అంతస్తు ఎత్తుకి వస్తుంది. గదిలోకి వచ్చే వెలుతురంతా ఆ ఆకులమీద పడి, వాటిలోంచి వడకట్టుకుని వస్తోంది. "కిటికీ బయట ఏముంది" అని ఆ అబ్బాయి ఎందుకడిగాడో అప్పుడర్థమైంది. హాల్లో వద్దనుకున్న ఉల్లిపొర అట్టని తెచ్చి అక్కడ పెట్టాం. ఆ ఆకుపచ్చ వెలుతురు ఇందులోని గులాబీని తగ్గించేసింది, గులాబీ ఆ ఆకుపచ్చని తగ్గించేసింది, గోడ లేత వెన్న రంగులో నిలబడింది. అమ్మ మంచం మీద కూర్చుని కాసేపు చూసి "ఉతికి ఆరేసిన నేత చీరలా ఉంది, ఇది వేయించు" అంది. అదే వేయించాం. బెంగళూరులో చెట్లున్న వీధుల్లో ఉండేవాళ్ళు ఈ సంగతి తప్పకుండా చూసుకోవాలి.

ఇంకో చిన్న విషయం, ఏ నెలలో చూస్తున్నామన్నది కూడా లెక్కే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, కాబట్టి ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం వైపుకి ఒరుగుతాడు. ఆ రోజుల్లో ఉత్తరం బాల్కనీలోకీ కాస్త ఎండ వస్తుంది, డిసెంబరులో అసలు రాదు. మే నెలలో ఎండ చూసి ఉత్తరం గదికి చల్లటి రంగులు ఎంచుకుంటే మిగతా నెలలంతా దిగులుగా ఉంటుంది.

శాంపిల్ డబ్బాలో లోపాలు లేకపోలేదు. ఐదుకి నాలుగే ఇస్తాను. మాకు దొరికినవి ఒకే ఫినిష్‌లో ఉన్నాయి, కాస్త మాట్‌గా, అంటే మెరుపు లేకుండా. హాలుకి మేం వేయించింది కొంచెం మెరుపున్న రకం, అట్ట మీద చూసినదానికన్నా గోడ మీద అర మెట్టు ప్రకాశంగా వచ్చింది. తేడా చిన్నదే కానీ ముందు తెలిస్తే బాగుండేది. మెరుపు ఎక్కువయ్యేకొద్దీ తుడవడం తేలిక, కానీ గోడలో ఎత్తుపల్లాలన్నీ పక్కనుంచి పడే వెలుతురులో బయటపడతాయి. పుట్టీ పెట్టి ఉప్పు కాగితంతో బాగా రుద్దించిన గోడ అయితేనే మెరుపు రకం పెట్టుకోండి, లేకపోతే మాట్ మేలు. రెండో లోపం, ముదురు రంగులు మా కొట్టులో శాంపిల్లో కలపలేదు. ముదురు ఇటుక రంగు, నెమలికంఠం లాంటివాటికి బేస్ వేరు, అందులో తెలుపు చాలా తక్కువ ఉంటుంది, రెండు కోట్లకి గోడ కప్పడం కష్టం, మూడోది పడుతుంది. అలాంటివి కావాలంటే ఒక లీటరు డబ్బా కొని చూసుకోవాల్సిందే. మూడోది, అన్ని కొట్లలోనూ శాంపిల్ కలపరు, లాభం తక్కువని కొందరు ఇష్టపడరు. నేను వెళ్ళిన ఇంకో రెండు చోట్ల నేరుగా లేదన్నారు.

కంపెనీల ఆప్‌లలో మన గది ఫోటో పెడితే గోడకి రంగు మార్చి చూపించేవి ఉన్నాయి, వాడి చూశాను. ఏ గోడకి ముదురు, ఏ గోడకి లేత అన్నది ఊహించుకోవడానికి పనికొస్తుంది. షేడ్ తేల్చుకోవడానికి మాత్రం నమ్మొద్దు. ఫోను కెమెరా వెలుతురుని తనంతట తానే సర్దేస్తుంది, పైగా నా ఫోన్లో ఒక రంగు, మావారి ఫోన్లో ఇంకో రంగు. దానికన్నా ఎల్.ఆర్.వి. అనే అంకె పనికొస్తుంది, కొన్ని కంపెనీలు షేడ్ పక్కన ఇస్తాయి. గోడ వెలుతురుని ఎంత తిప్పి పంపుతుందో చెప్పే కొలత అది, సున్నా దగ్గర నలుపు, 100 దగ్గర తెలుపు. మాలాగ ఒకే వైపునుంచి వెలుతురొచ్చే హాలుకి 60 పైన ఉన్నవి చూసుకుంటే పగలు లైటు వేసుకోవాల్సిన పని తగ్గుతుంది.

ఏ రకం కొనాలన్నది చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. ఏషియన్ పెయింట్స్‌లో రాయల్, బెర్జర్‌లో సిల్క్, డ్యూలక్స్‌లో వెల్వెట్ టచ్ ఇవన్నీ పైతరగతివి, ట్రాక్టర్ ఎమల్షన్ లాంటివి చవకరకం. పిల్లలు పెన్సిలు గీతలు గీసే ఇంట్లో హాలు వరకైనా పైతరగతి తీసుకుంటే తడి గుడ్డతో తుడుచుకోవచ్చు. అద్దెకిచ్చే ఇంటికి అంత అక్కర్లేదు. కానీ ఒక కంపెనీ షేడ్‌ని ఇంకో కంపెనీ బేస్‌లో కలిపించేటప్పుడు జాగ్రత్త, దగ్గరగా వస్తుంది తప్ప అదే రాదు, ఒక లైటులో ఒకేలా ఉండి ఇంకో లైటులో విడిపోతుంది. ఏది వేయిస్తారో దాని శాంపిలే తెచ్చుకోవాలి.

కొలత ముందే వేసుకుంటే మేస్త్రీ ఎన్ని లీటర్లు చెప్పినా టెన్షన్ ఉండదు. మా హాలు 20 అడుగులకి 11, ఎత్తు తొమ్మిదిన్నర. నాలుగు గోడల చుట్టుకొలత 62, ఎత్తుతో హెచ్చిస్తే 589, తలుపులూ బాల్కనీ అద్దాలూ ఒక 110 తీసేస్తే 480 చదరపు అడుగుల లోపు. పుట్టీ పెట్టిన నున్నటి గోడకి లీటరు రంగు రెండు కోట్లకి దాదాపు 130 చదరపు అడుగులు వచ్చింది మాకు, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిపోయింది. రెండు డబ్బాలు కావాల్సి వస్తే రెండూ ఒకే బకెట్లో పోసి కలిపేసి మొదలుపెట్టమనండి, లేకపోతే గోడ మధ్యలో డబ్బా మారిన చోట సన్నటి తేడా కనబడుతుంది. నీళ్ళు కూడా డబ్బా మీద రాసినంతే కలపాలి. మొదటిసారి పనివాళ్ళు చెంబుతో పోశారు, నేను చూసి ఊరుకున్నాను, ఆ గోడ మీద పాత రంగు అక్కడక్కడా తొంగిచూసేది. ఈసారి పక్కన నిలబడి కొలగ్లాసు ఇచ్చాను, మేస్త్రీ ఏమీ అనుకోలేదు.

పాత ఇళ్ళలో పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎనామిల్ (మెరిసే ఆయిల్ పెయింటు) వేసిన తలుపుల్నీ, కిటికీ చువ్వల్నీ పొడిగా రుద్దిస్తుంటే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. మేం ఆ రెండు రోజులు బాబుని అమ్మతో పాటు పక్క ఫ్లాటులో ఉంచి, చువ్వల్ని తడిపి రుద్దించి, తర్వాత నేలంతా రెండుసార్లు తడిగుడ్డ పెట్టాం.

హాల్లో ట్యూబులు మార్చి 4000 కెల్విన్‌వి, అంటే మరీ నీలమూ మరీ పసుపూ కాని మధ్యరకం వెలుగువి, పెట్టాం, రంగు వేయించడానికి ముందే. అట్టల్ని చూసింది కూడా ఆ వెలుతురులోనే. లైట్లు మార్చే ఉద్దేశం ఉంటే ముందు అవి మార్చి తర్వాత శాంపిల్ చూసుకోండి, వరస తిరగబడితే చూసిందంతా వృథా. రంగు, కూలీ అన్నీ కలిపి హాలుకి మాకు 14 వేలు అయింది, అందులో శాంపిళ్ళ ఖర్చు ఆరు వందలు. వేసి ఐదు నెలలైంది, రెండు వానలకాలపు నెలలు కూడా గడిచాయి, మబ్బు పట్టిన సాయంత్రాల్లో కూడా హాలు వెచ్చగానే ఉంది.

కాస్త రంగు మిగిలిన డబ్బాని మూత బిగించి, తేదీ రాసి, అటక మీద పెట్టాను. ఇప్పుడు వంటిల్లు మిగిలింది, అది తూర్పు. పోపు పొగకి ఏ రంగు నిలుస్తుందో అని లేత మెంతి రంగు ఒకటి, ఏనుగుదంతం రంగు ఒకటి అట్టల మీద పూసి స్టవ్ పక్క గోడకి ఆనించాను. నిన్న పొద్దున మెంతి రంగు బాగుంది, రాత్రి ఏనుగుదంతం బాగుంది. ఆదివారం తీరిగ్గా మళ్ళీ చూసి కొట్టుకెళ్ళాలి.